సవరణ: ఎంజైములు తక్కువుంటే నీరు శుభ్రమని కాదు

భార లోహాలు కలిసిన నీటిలో పెరిగే చేపల గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో, చేప కాలేయంలో కేటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ (హానికర ఆక్సిజన్ రూపాల నుంచి కణాలను కాపాడే ఎంజైములు) ఎక్కువుంటే కాలుష్యం ఉన్నట్టు, తక్కువుంటే నీరు బాగున్నట్టు అని రాశాను. రెండో మాట తప్పు.

చేపల విషప్రభావాలపై వచ్చిన పరిశోధనా వ్యాసాలు, పాఠ్యపుస్తకాలు చెప్పేది వేరు. కాడ్మియం, సీసం లాంటివి కొద్దిగా ఒంట్లో చేరినప్పుడు ఈ ఎంజైములు చాలాసార్లు పెరుగుతాయి. అది చేప ఎదురు పోరాడే దశ. మోతాదు పెరిగినా, నెలల తరబడి అదే నీటిలో ఉన్నా అవి పడిపోవచ్చు. కాడ్మియం, కణాలను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థంలోని గంధకానికి అతుక్కుని ఆ నిల్వను ఖాళీ చేస్తుంది, ఎంజైములను కూడా దెబ్బతీస్తుంది. అంటే తక్కువ అంకె శుభ్రతకూ గుర్తు కావచ్చు, చేప చేతులెత్తేసిందనడానికీ గుర్తు కావచ్చు. పైగా నీటి వేడి, ఆక్సిజన్, చేప వయసు, మేత కూడా ఈ అంకెల్ని మారుస్తాయి. అందుకే శుభ్రమైన నీటిలోని అదే జాతి చేపతో పోల్చాలి, కొవ్వులు ఎంత ఆక్సీకరణ చెందాయో, కణజాలంలో లోహం ఎంతుందో కూడా కొలవాలి.

ఇంకొకటి, కొందరు ఆ పోస్టు చదివి కాలేయం అంకెల్ని తినే కండకు వర్తింపజేశారు. కాడ్మియం ఎక్కువగా కాలేయం, మూత్రపిండాల్లో చేరుతుంది, కండలో తక్కువ. మిథైల్ పాదరసం మాత్రం కండలోనే నిలుస్తుంది, వండినా పోదు. కాబట్టి చేప తినొచ్చా లేదా అన్నది కండలో లోహాల పరీక్షే తేల్చాలి, ఎంజైములు కాదు. పాత పోస్టును షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జతచేయండి.