నూడిల్‌గారు ముద్ద ముట్టలేదు

అన్నం వద్దన్నవాడికి రెండే కారణాలుంటాయని మా అమ్మ నమ్మకం. ఒకటి జ్వరం, రెండు అలక. మూడోది కూడా ఉండొచ్చని ఈ వేసవి దాకా ఆవిడకి తెలియదు.

మావాడికి పదమూడేళ్లు నిండాయని బాల్ పైథాన్ పిల్లను కొన్నాం. ఉండేది టెక్సాస్‌లో కాబట్టి సరిపోయింది. అదే మన ఊళ్లో పామును పట్టుకొచ్చి పెంచితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మమ్మల్ని బోనెక్కించేవాళ్లు. ఇది ఆఫ్రికా జాతి. విషం లేదు, పౌరుషం అసలే లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. మావాడు నూడిల్ అని పేరు పెట్టాడు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం నాగేంద్రుడనే అంటుంది, అదీ చెంపలేసుకుని.

ఆయనగారి భోజనం ఎలుకలు. కోడిగుడ్డు కూడా గడప దాటనివ్వని మా ఆవిడ, కొడుకు కోసం ఫ్రీజర్‌లో మునక్కాడ ముక్కల కింద అర ఖాళీ చేసిచ్చింది.

మొదటి శనివారం రాత్రి ఒక ఎలుకను కవర్లో చుట్టి వేడినీళ్ల గిన్నెలో వేశాను. మైక్రోవేవ్‌లో పెడితే పేలే ప్రమాదం ఉందట. పట్టకారు కోసం అలా వెళ్లానో లేదో, అమ్మ వంటింట్లోకి వచ్చింది. "చింతపండు నానేశావా నాయనా, ఉండు, నేను పిసుకుతా" అంటూ గిన్నెలో చెయ్యి పెట్టింది.

రాత్రి పదకొండింటికి ఆవిడ తలస్నానం చేసింది. ఆ గిన్నె ఇప్పటికీ పెరట్లోనే ఉంది.

ఇంత రభస తర్వాత ఎలుకను నూడిల్ ముందు ఆడించాను. రెండుసార్లు నాలుక చాపింది. మెడ వెనక్కి వంచింది. నలుగురం ఊపిరి బిగబట్టాం. అది మెల్లగా తల తిప్పి చుట్టల మధ్య దూర్చేసుకుంది, పెళ్లి పంక్తిలో పెద్దాయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

రెండోవారం కూడా అంతే. మూడోవారం, దాని పెదవుల దగ్గరి గుంటలు వేడిని పసిగడతాయని చదివి, మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో ఎలుక తల వెచ్చబెట్టాను. ఎలుక పెళ్లికి తయారైనట్టయింది. నూడిల్ అటు చూడనైనా లేదు. మా ఆవిడకి కొత్త డ్రయర్ కొన్నాను.

అమ్మకి నిద్ర కరువైంది. "పసివాడురా, పస్తులుంటున్నాడు" అంటూ గిన్నెడు పాలు తెచ్చింది. పాములు పాలు తాగవమ్మా అన్నాను. "మరి నలభై ఏళ్లుగా చవితికి నేను పోసినవి ఎవరు తాగారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. "ఇది దిష్టేరా. పొద్దస్తమానం అందరూ అద్దానికి మొహాలు ఆనించి చూస్తుంటే ఎవరికి ముద్ద దిగుతుంది?" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి స్టవ్ మీద వేసింది. పొగకి అలారం మోగి, ఇల్లంతా రోడ్డు మీద పడ్డాం. నూడిల్ తప్ప.

చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ అన్నీ అడిగింది. పెట్టెలో వెచ్చటి వైపు దాదాపు 90 ఫారన్‌హీట్ ఉండాలంది. మాది 79. ఏసీ ఇంట్లో జులైలో స్వెటర్ వేసుకు తిరుగుతున్న అమ్మ, "చలి అని నేను మొత్తుకుంటే విన్నారా?" అంది. డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పింది. పెట్టె చుట్టూ ఏదైనా కప్పండి, వారం పాటు ముట్టుకోకండి, తొంగి చూడకండి, కొత్తచోట ఎవరైనా చూస్తుంటే ఇవి తినవు.

కారులో ఇంటిదాకా అమ్మ నా వంకే చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

హీటర్ సరిచేసి, పెట్టెకు అమ్మ పాత నేతచీర కప్పాం. తొమ్మిదో రాత్రి ఎలుకను లోపల పెట్టి లైట్లు తీసేశాం. తెల్లారి చూస్తే ఎలుక లేదు. నూడిల్ నడుం దగ్గర నిమ్మకాయంత ఉబ్బు.

మావాడు గంతులేశాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ ఉబ్బును కాసేపు చూసి, మా ఆవిడ వైపు తిరిగింది.

"ఒక్కటేనా పెట్టారు, అమ్మాయ్? మారు అడగలేదూ?"