నిఘంటువు ఉండగా సవరణ దేనికి?

జపాన్‌లో రాజ్యాంగాన్ని మార్చాలా వద్దా అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. పాపం, టైమ్ వేస్టు. 1947 మే 3న అమల్లోకి వచ్చిన ఆ పుస్తకంలో ఇప్పటికీ ఒక్క అక్షరం మారలేదు. (మనవాళ్లు 1951లోనే మొదలుపెట్టి సవరణల్లో సెంచరీ దాటించారు. చేతివాటం అంటే అది.)

తొమ్మిదో అధికరణం యుద్ధానికి దండం పెట్టేసింది. నేల మీద, నీటి మీద, గాలిలో ఎక్కడా సైన్యం ఉంచుకోబోమంది. 1950లో కొరియా యుద్ధం మొదలవగానే, ఆ మాట రాయించిన అమెరికావాళ్లే 75,000 మందితో 'పోలీసు రిజర్వు' పెట్టించారు. పోలీసులకు ట్యాంకులేమిటని ఎవరైనా అడుగుతారేమోనని వాటికి 'ప్రత్యేక వాహనాలు' అని పేరు పెట్టారు. 1954కల్లా దళం 'ఆత్మరక్షణ బలగం' అయింది. నేతిబీరకాయకు ఇది రివర్సు. పేరులో లేని నెయ్యి కాయ నిండా ఉంది.

నాకు బాగా నచ్చింది మాత్రం యొకోసుకా రేవులోని ఇజుమో అనే ఓడ. 248 మీటర్ల పొడవు, ఇస్త్రీ చేసినట్టు చదునైన డెక్. 2021లో అమెరికా ఎఫ్-35బి జెట్లు దాని మీద నిట్టనిలువుగా దిగాయి. చిన్నపిల్లాణ్ణి అడిగినా విమానాలు మోసే ఓడ అంటాడు. వాడికేం తెలుసు? అది ఇతర నౌకలకు తోడు వెళ్లే 'ఎస్కార్టు నౌక'. దాని చెల్లెలి పేరు కాగా. 1941లో పెర్ల్ హార్బర్ మీదికి విమానాలు పంపిన ఓడల్లోనూ ఒక కాగా ఉంది. ప్రాంతం పేరండీ, అంతే.

2017లో ప్రధాని షింజో అబే, తొమ్మిదో అధికరణంలో ఉన్న రెండు పేరాలూ ముట్టుకోకుండా ఆత్మరక్షణ బలగం ఉందని ఒక మాట చేరుద్దామన్నారు. దానివల్ల ఏమీ మారదని హామీ కూడా ఇచ్చారు. ఏమీ మారని మాట కోసం రెండు సభల్లో మూడింట రెండొంతుల మెజారిటీ, ఆపైన ప్రజల ఓటు! మిత్రదేశం మీద దాడి జరిగినా కొన్ని షరతులతో ఆయుధం పట్టొచ్చని 2014లో ఆయన కేబినెట్టే ఒక్క తీర్మానంతో తేల్చేసింది కదా.

శాంతివాదులదీ అదే తంతు. అక్షరానికి కాపలా కాస్తూ కూర్చున్నారు, అక్షరం భద్రంగానే ఉంది. ఉత్తర కొరియా క్షిపణులు నెత్తి మీదుగా పోతుంటే టెన్షన్ సహజమే. 2022 డిసెంబరులో అయిదేళ్ల రక్షణకు 43 లక్షల కోట్ల యెన్లు అనుకున్నారు, అదీ కామా కూడా కదలకుండా.

రాజ్యాంగ కమిటీలు ఎత్తేసి ఇద్దరు భాషా పండితుల్ని పెట్టుకుంటే చాలు. పని చాలా ఉంది. 1,600 కిలోమీటర్లు వెళ్లే టోమహాక్ క్షిపణులు 400 కొంటున్నారు. టోమహాక్ అంటే గొడ్డలి. శాంతి దేశంలో ఇంత మోటు పేరా? 'దూరపు చుట్టం' అందాం.