హర్లింగ్‌లో మ్యాచ్‌కో శవం లేచేదా?

కర్రలతో బంతిని కొట్టే ఐర్లండ్ సంప్రదాయ ఆట హర్లింగ్ గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. పాతకాలంలో మ్యాచ్‌కో శవం లేచేదట, ఓడిన జట్టును చంపేసేవారట, ఆ చావులు చూడలేక ఇంగ్లండ్ రాజు 1366లో నిషేధించాడట, కర్రలతో ఊళ్లకు ఊళ్లే కొట్టుకునేవట, అందుకే ఇప్పుడు హెల్మెట్లట. ఆట కంటే ‘అట’లే ఎక్కువ.

దెబ్బలు తగిలేవన్నది నిజమే. యాష్ చెట్టు మొదట్లో, వేరు వంపు తిరిగే చోట కోసిన కర్రతో ఆడతారు. కర్ర చివర అరచెయ్యంత వెడల్పు ఉంటుంది. బంతి గాల్లో ఉండగానే నలుగురు ఒకేసారి ఆ కర్రలు ఝళిపిస్తారు. 1698లో ఐర్లండ్ తిరిగిన జాన్ డంటన్ అనే ఇంగ్లిష్ పుస్తక వ్యాపారి, తలో కాలో పగలకుండా ఆట ముగియడం అరుదని, ఆ దెబ్బలను వాళ్లు గొప్పగా చెప్పుకుంటారని రాశాడు. పందెం ఒకటి రెండు పీపాల బీరు. గెలిచినవాళ్లు మైదానంలోనే తాగేవారు, ఓడినవాళ్లకూ కాస్త దక్కేది. చంపాలనుకున్నవాడికి బీరెవడు పోస్తాడు?

మరి ఓడిన జట్టును చంపడం ఎక్కణ్నుంచి వచ్చింది? పురాణం నుంచి. ఫిర్ బోల్గ్, తువాహా దే దానన్ అనే రెండు జాతులు యుద్ధానికి ముందు 27 మంది చొప్పున హర్లింగ్ ఆడాయని, ఓడినవాళ్లు ప్రాణాలతో మిగల్లేదని ఒక కథ. దీనికి క్రీ.పూ. 1272 అని తేదీ కూడా వేసేస్తున్నారు. మనకు ఈ కథ దొరికింది మాత్రం మధ్యయుగపు రాతప్రతుల్లో.

అందరూ నమ్మేది 1366 నిషేధాన్ని. ఐర్లండ్‌లోని కిల్కెనీ పట్టణంలో చేసిన శాసనాల్లో ‘హర్లింగ్స్’ వద్దన్న మాట ఉంది, గాయాల ప్రస్తావనా ఉంది. కానీ పోస్టు సగంలోనే ఆపేసింది. మిగతా సగం ఏమిటంటే, ఆ గాయాల వల్ల దేశ రక్షణ బలహీనపడుతోంది, కాబట్టి విల్లు, ఈటె సాధన చేయండి అని. చెప్పింది కూడా ప్రధానంగా ఐర్లండ్‌లో స్థిరపడ్డ ఇంగ్లిష్ వాళ్లకి. ఐరిష్ భాష మాట్లాడొద్దు, ఐరిష్ వాళ్లతో పెళ్లిళ్లు వద్దు అన్నవీ అవే శాసనాలు. అంతకు మూడేళ్ల ముందు, 1363లో, అదే మూడో ఎడ్వర్డ్ రాజు ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, కోడిపందేలు మాని విలువిద్య నేర్చుకోమన్నాడు. హ్యాండ్‌బాల్‌లో కూడా శవాలు లేచాయా? తర్వాత 1695 చట్టం ఆదివారాల్లో హర్లింగ్ ఆడితే 12 పెన్నీల జరిమానా అంది. అది దైవభక్తి కోసం.

ఇక కర్రలతో ఊళ్లకు ఊళ్లే కొట్టుకోవడం. ఇది నిజంగా జరిగింది, హర్లింగ్‌లో కాదు. 19వ శతాబ్దం మొదట్లో సంతల్లో, జాతరల్లో వర్గాలు కట్టి కొట్టుకునేవారు. వాటి పేరు ‘ఫ్యాక్షన్ ఫైట్లు’. ఆ మాట మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1834 జూన్ 24న ఐర్లండ్‌లోని కెర్రీ కౌంటీలో, బాలీబనియన్ దగ్గర ఇసుక ఒడ్డున ఇలాగే రెండు వర్గాలు తలపడ్డాయి. ఓడినవాళ్లు నది దాటాలని పడవల్లోకి ఎగబడ్డారు, ఎక్కువమంది నీళ్లలో మునిగిపోయారు. మృతులు 15 మందికి పైనే. ఆ రోజు అక్కడ జరుగుతున్నది గుర్రప్పందేలు. చేతిలో కర్ర కనబడగానే హర్లింగ్ అనేస్తే ఎలా?

హెల్మెట్ సంగతి రెండు ముక్కల్లో: అన్ని స్థాయిల్లోనూ తప్పనిసరి అయింది 2010లో. అంతవరకు చాలామంది వట్టి తలతోనే ఆడారు. 1884లో టర్లెస్ పట్టణంలో హర్లింగ్‌ను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టి, రాతపూర్వక నియమాలు వచ్చాక కూడా తొలి ఏళ్లలో మైదానంలో తన్నులాటలు ఆగలేదు. వాటిని ఎవరూ దాచలేదు.

శవాలు లేచిన మ్యాచే కావాలంటే ఒకటుంది, పోస్టులో లేదు. 1920 నవంబర్ 21, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్, టిప్పరరీ, డబ్లిన్ జట్లకు మ్యాచ్. అదీ హర్లింగ్ కాదు, గేలిక్ ఫుట్‌బాల్ అనే మరో ఐరిష్ ఆట. పొద్దున ఐరిష్ తిరుగుబాటుదారులు బ్రిటిష్ గూఢచారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం బ్రిటిష్ బలగాలు స్టేడియంలోకి చొరబడి దాదాపు నిమిషంన్నర పాటు కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు, అందులో ముగ్గురు పిల్లలు. టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ మైదానంలోనే చనిపోయాడు. అక్కడొక స్టాండుకి ఇప్పటికీ ఆయన పేరే.