గుడి దాకా వెళ్తున్నాం, ఇంకాస్త ముందుకు వెళ్దాం

సిడ్నీ తెలుగువాళ్ళకి, ఊరికి దక్షిణంగా ఉన్న హెలెన్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి. కొత్త కారు కొన్నా, పిల్లల పరీక్షలు దగ్గరపడినా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా ముందు అక్కడికే. దర్శనం, క్యాంటీన్‌లో పులిహోర, దోసె, కాసేపు కబుర్లు. ఓపిక ఉన్నవాళ్ళు బాల్డ్ హిల్ మీద నాలుగు ఫోటోలు దిగి, సీ క్లిఫ్ బ్రిడ్జి మీదుగా కారు ఓసారి పోనిచ్చి వెనక్కి తిరుగుతారు. 1985లో కుంభాభిషేకం జరిగినప్పటి నుంచి మనవాళ్ళు ఆ కొండల అంచుదాకా వస్తూనే ఉన్నారు. కానీ ఆ అంచు అవతల, వులన్‌గాంగ్ చుట్టూ ఉన్న ఇల్లవారా తీరాన్ని మనలో చాలామంది కారు అద్దంలోంచే చూశారు. ఇది మారాలి, మార్చే పని మన తెలుగు సంఘం నెత్తికెత్తుకోవాలి అని నా అభిప్రాయం.

ముందు ఆ చోటు గురించి. వులన్‌గాంగ్ దగ్గర కొండలకీ సముద్రానికీ మధ్య కాస్త మైదానం ఉంటుంది. ఉత్తరానికి వచ్చేకొద్దీ అది సన్నబడి, కోల్‌క్లిఫ్ దగ్గరికి వచ్చేసరికి కొండ నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. అందుకే అక్కడ రోడ్డు నిలవలేదు. కొండచరియల మీంచి రాళ్ళు దొర్లిపడుతుంటే 2003లో దారి మూసేశారు. చివరికి రోడ్డునే కొండకి దూరంగా జరిపి, సముద్రం మీద 665 మీటర్ల వంతెన కట్టి, 2005 చివర్లో తెరిచారు. అదే సీ క్లిఫ్ బ్రిడ్జి. ఆ వంతెనకి సముద్రం వైపు చక్కటి నడకదారి ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా మెల్లగా నడిచి రావచ్చు. కారు ఎక్కడో ఆపుకుని నడవాలి, అంతే.

ఓ చలికాలం ఉదయం మా అత్తగారు అక్కడ రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "అదేమిటమ్మా, నీళ్ళలోంచి పొగ వస్తోంది?" అన్నారు. హంప్‌బ్యాక్ తిమింగలం ఊపిరి వదులుతోంది. మే నుంచి నవంబరు దాకా అవి ఈ తీరం వెంట పోతూ వస్తూ ఉంటాయి. ఆవిడ ఇక అక్కణ్ణించి కదలనన్నారు. కొడుకూ కోడలూ ఆఫీసులకి, పిల్లలు బడికి పోయాక వారమంతా నాలుగు గోడల మధ్య గడిపే మనిషి. విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళందరి సంగతీ అదే. వాళ్ళకి మాల్ చూపించే బదులు ఈ నడక చూపించమని నేను అందరికీ చెబుతుంటాను.

"బుష్‌వాకింగ్ (అడవి దారుల్లో నడక), బీచ్‌లు తెల్లవాళ్ళ సరదాలండీ, మనకెందుకు" అనే మాట చాలాసార్లు విన్నాను. దీనికి చరిత్రే జవాబు చెబుతుంది. 1797లో, కలకత్తా నుంచి సిడ్నీకి సరుకుతో వస్తున్న సిడ్నీ కోవ్ అనే ఓడ టాస్మేనియాకి ఈశాన్యంగా ఉన్న దీవుల దగ్గర చెడిపోయింది. సాయం కోసం పడవలో 17 మంది బయలుదేరారు. వాళ్ళలో 12 మంది బెంగాల్ నుంచి వచ్చిన లస్కర్లు, అంటే ఓడ పని చేసే మనవైపు నావికులు. ఆ పడవ కూడా బద్దలై, ఇప్పటి విక్టోరియా తీరాన పడ్డారు. అక్కణ్ణించి సిడ్నీ వైపు వందల కిలోమీటర్లు కాలినడకన వచ్చారు. చాలాచోట్ల ఆదివాసులే చేపలిచ్చి ఆదుకున్నారు, నదులు దాటించారు. కోల్‌క్లిఫ్ దగ్గర కొండలో బొగ్గు కనబడితే దానితోనే మంట వేసుకున్నారు. ఇప్పటి రాయల్ నేషనల్ పార్కులోని వాటమోలా తీరం దగ్గర ఒక చేపల పడవ వాళ్ళని చూసేసరికి మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు లస్కర్. సిడ్నీలో తెల్లవాళ్ళు దిగి అప్పటికి తొమ్మిదేళ్ళే. మరి ఈ తీరం మనకి కొత్త ఎలా అవుతుంది? పిల్లలకి ఈ కథ వాటమోలాలో, ఆ ఇసుకలో కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంతకన్నా పాత కథలూ ఉన్నాయి. ఈ నేల ధరావల్ అనే ఆదివాసీ జనానిది. పడమటి గాలికి ఆరుగురు కూతుళ్ళనీ, వాళ్ళలో ఐదుగురు తీరం దగ్గరి ఐదు దీవులయ్యారనీ, మిగిలిన పిల్ల ఒంటరిగా కూర్చుని కూర్చుని కీరా కొండ అయిందనీ చెబుతారు. ఆ కొండ ఎక్కి చూస్తే ఆ ఐదు దీవులూ కనబడతాయి.

నడక మనకి చేతకానిదేమీ కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు గోవిందనామాలు చెప్పుకుంటూ ఎక్కే జనం మనం. ఆస్టిన్‌మర్ నుంచి సబ్లైమ్ పాయింట్‌కి ఎక్కే దారి దాంతో పోలిస్తే ఎంత? నిటారుగా ఉంటుంది, మధ్యలో ఇనప నిచ్చెనలుంటాయి, వాన పడ్డాక జలగలు పడతాయి. మంచి బూట్లు, నీళ్ళు, ఓ నలుగురు తోడు ఉంటే చాలు. రాయల్ నేషనల్ పార్కులో బండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా 26 కిలోమీటర్ల తీరపు బాట కూడా ఉంది, కానీ అది అలవాటైన కాళ్ళకే.

అసలు భయం నీళ్ళతో. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. ఆస్ట్రేలియాలో సముద్రంలోనో జలపాతాల దగ్గరో మునిగిపోయిన మన తెలుగు విద్యార్థుల వార్తలు చదివి, ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుని ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో. వాళ్ళు తెలివితక్కువ పిల్లలు కారు. ఈ నీళ్ళ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. బీచ్‌లో అలలు విరగకుండా, నున్నగా, ముదురు రంగులో కనబడే చోటు ఉంటుంది. ఈత రానివాళ్ళ కంటికి అదే ప్రశాంతంగా అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ లోపలికి తిరిగిపోయే దారి అది, దాన్నే రిప్ అంటారు. అందులో చిక్కితే ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలి, జెండాలు లేకపోతే దిగనే కూడదు. ఇన్‌స్టాలో కనబడే ఫిగర్ ఎయిట్ పూల్స్ అనే రాతి గుంటల దగ్గర ఒక్క పెద్ద అల వస్తే మనుషుల్ని రాళ్ళ మీద ఈడ్చేస్తుంది. నేషనల్ పార్క్స్ వాళ్ళు దానికోసం ప్రత్యేకంగా అలల ప్రమాద సూచన ఇస్తున్నారు. అది చూడకుండా ఎవరూ వెళ్ళొద్దు. అలాగే సీ క్లిఫ్ బ్రిడ్జిని పైనుంచి ఫోటో తీయడం కోసం ఎదురుగా ఉన్న కొండ ఎక్కుతున్న మన కుర్రాళ్ళకి కూడా చెప్పాలి, అది బాట కాదు, జారుడు మట్టి.

నీళ్ళంటే భయపడేవాళ్ళకి ఇల్లవారా అంత మంచి చోటు మరోటి లేదనిపిస్తుంది. ఆస్టిన్‌మర్‌లో, కోల్‌డేల్‌లో, వంబారాలో రాళ్ళ మధ్య కట్టిన సముద్రపు కొలనులున్నాయి. ఉప్పునీళ్ళే, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు అలలు గోడ దాకా వచ్చి ఆగుతాయి, డబ్బు కట్టక్కర్లేదు.

మన సంఘం ఉగాదికి, దీపావళికి హాలు బుక్ చేస్తుంది, గాయకుల్ని పిలిపిస్తుంది. మంచిదే. అదే బడ్జెట్‌లో కొంత తీసి, చలికాలంలో కౌన్సిల్ పూల్‌లో పెద్దవాళ్ళకి ఈత క్లాసులు పెట్టించమని అడుగుతున్నాను. ఆడవాళ్ళకి వేరే బ్యాచ్, ఆడ కోచ్. కొత్తగా దిగిన విద్యార్థులకి ఫీజు లేకుండా. నీళ్ళ విషయం వాళ్ళకి మొదటి వారంలోనే, తెలుగులో, సూటిగా చెప్పాలి. నెలకో ఆదివారం గుడి దర్శనం అయ్యాక అందరం కలిసి ఒక నడక. పిక్నిక్ ఎక్కడైనా సరే, లైఫ్‌గార్డులు ఉన్న బీచ్‌లోనే. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ విషయం పెట్టండి. ఆడవాళ్ళ బ్యాచ్‌కి పేర్లు రాసుకునే పని నేను చూసుకుంటాను.