అచ్చు తెలిసిన చేతులు

తిరుగుతున్న ముద్రణ యంత్రంలోంచి ఒక కాగితం లాగి భూతద్దం కింద పెట్టి చూస్తాడు మెషిన్‌మన్. నీలం మీద పడాల్సిన ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. పాఠకుడి కంటికి అది ఆనదు. అతను మాత్రం సరిచేసేదాకా ఊరుకోడు. కాగితాన్ని వేలికొసతో నిమిరి తేమ పట్టిందో లేదో చెప్పగలడు. ఏళ్ల తరబడి పట్టుబడిన ఆ నేర్పును ‘పునర్వ్యవస్థీకరణ’ అనే ఒక్క మాటతో గేటు దాటిస్తున్నారు. మా పత్రిక కూడా అలాంటి చేతుల మీదుగానే పాఠకులకు చేరుతుంది కనుక ఈ విషయంలో మేము తటస్థంగా ఉండలేము.

అచ్చు పనివారికి కోతలు కొత్త కాదు. 1886లో వచ్చిన లైనోటైప్ యంత్రం చేత్తో అక్షరాలు పేర్చే కంపోజింగును వెనక్కి నెట్టింది. అక్షరాలను ఫిల్ము మీదకు ఎక్కించే ఫొటో కంపోజింగు సీసపు అక్షరాలను సాగనంపింది. కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు ప్లేటు తీయడం మొదలయ్యాక ఫిల్ము అతికించేవారికి పని లేకుండా పోయింది. ఇప్పుడు కాగితం మీద అచ్చయ్యే పనే తగ్గుతోంది. ముద్రణ యంత్రాలు తయారుచేసే హైడెల్‌బర్గ్ సంస్థ 2020లో 2,000 వరకు ఉద్యోగాలు తగ్గిస్తామంది. జిరాక్స్ సంస్థ 2024 ఆరంభంలో 15 శాతం సిబ్బందికి ఉద్వాసన ప్రకటించింది. గిరాకీ పడిపోయిన మాట నిజమే. ఆర్డర్లు లేని యంత్రాన్ని తిప్పమని ఏ యజమానినీ అడగలేం. కానీ ఆ భారమంతా పనివాడి నెత్తినే ఎందుకు పడాలి?

1974లో న్యూయార్క్‌లోని పెద్ద పత్రికలు కంపోజిటర్ల యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాయి. కొత్త యంత్రాలు తెచ్చుకునే స్వేచ్ఛ యాజమాన్యాలకు దక్కింది, జీవితకాల ఉద్యోగ భరోసా శాశ్వత సిబ్బందికి దక్కింది. 1978 జూలైలో న్యూయార్క్ టైమ్స్ సీసపు అక్షరాలకు స్వస్తి చెప్పింది ఆ భరోసా నడుమనే. 1986లో లండన్ వాపింగ్‌లో జరిగింది వేరు. గుట్టుగా సిద్ధం చేసిన ప్రెస్సుకు రూపర్ట్ మర్డాక్ పత్రికలు తరలిపోయాయి. సమ్మెకు దిగిన ఐదు వేల మందికి పైగా ఉద్యోగం పోగొట్టుకున్నారు, ఏడాదికి పైగా పోరాడి ఓడిపోయారు.

న్యూయార్క్ దారినే పట్టాలని మేము కోరుతున్నాం. కొత్త యంత్రానికి ఆర్డరు పెట్టకముందే దాని సంగతి పనివారికి చెప్పాలి. ప్యాకేజింగు, లేబుళ్లు, డిజిటల్ ముద్రణలో వారికి జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. ఇక బైండింగు బల్ల దగ్గర అచ్చయిన కాగితాల ఫారాలు మడిచి, లెక్కపెట్టి, కుట్టే రోజుకూలీల మాట ఎవరూ ఎత్తడం లేదు. హాజరు పట్టీలో పేరు లేనివారికి నోటీసు ఉండదు, పరిహారం ఉండదు. పొద్దున్నే వస్తే పని లేదంటారు, అంతే. కోతల లెక్కలో కూడా వారు కనిపించరు. యాజమాన్యాలు, యూనియన్లు ఈసారి బల్లకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు ముందుగా వారి పేర్లు రాసుకోవాలి.