దాపరికం లేని మ్యాట్రిక్స్

అంకెలతోనే కాక అక్షరాలతోనూ లెక్కలు చేసే సింపై అనే పైథాన్ ప్రోగ్రామింగ్ లైబ్రరీకి దాపరికం అంటే గిట్టదు. మ్యాట్రిక్స్, అంటే అడ్డు నిలువు వరుసల్లో పేర్చిన గడుల పట్టిక, ఎంత పెద్దదైనా ఒక్క గడి కూడా మింగకుండా మొత్తం తెర మీద పోస్తుంది. 100 బై 100 యూనిట్ మ్యాట్రిక్స్‌లో చెప్పుకోవాల్సిన సంగతి ఒక్కటే: వికర్ణం మీద ఒకట్లు, మిగతావన్నీ సున్నాలు. సింపై మాత్రం ఆ 9,900 సున్నాలకూ పేరుపేరునా హాజరు వేయిస్తుంది. పహాణీ కాపీ అడిగినవాడి నెత్తిన మండలం రికార్డులన్నీ కుమ్మరించి, ఇదే పారదర్శకత అన్నట్టు.

అంకెల లెక్కలకు వాడే మరో పైథాన్ లైబ్రరీ నంపైకి ఇంత పెద్ద మనసు లేదు. 1000 విలువలు దాటితే చాలు, అంచుల్లో మూడేసి చూపించి మధ్యలో చుక్కలు పెట్టేస్తుంది. పిసినారి.

సున్నాలైనా నయం. ఆరు కీళ్ళ రోబో చేతికి ద్రవ్యరాశి మ్యాట్రిక్స్ (కీళ్ళు కదిలేటప్పుడు చేతి జడత్వం ఎంతో చెప్పేది) రాబట్టండి. మొత్తం 36 గడులే, కానీ ఒక్కో గడిలో సైన్లు, కొసైన్లు, బరువులు, పొడవులు బారులు తీరి ఉంటాయి. టెర్మినల్‌లో పీప్రింట్ (సింపైలో అందంగా చూపించే ఆదేశం) కొట్టగానే ఎడమ బ్రాకెట్ దర్శనమిస్తుంది. దాని పక్కన మొదటి గడిలో ఓ ముక్క. తెర వెడల్పు అయిపోతుంది కాబట్టి గడిని అక్కడే తెగ్గొట్టి, మిగిలిన అడ్డు వరుసల మొదటి ముక్కలన్నీ కింద పేర్చి, ఆ తర్వాతే రెండో ముక్కల సంగతి ఎత్తుకుంటుంది. మీరు మూడో వరుస మీద వేలు పెట్టి కిందికి దిగుతారు. దిగాక ఇది మూడోదా, నాలుగోదా? మళ్ళీ పైకి. ఎప్పటికో కుడి బ్రాకెట్ ఎదురవుతుంది. అప్పటికి ఎడమ బ్రాకెట్‌తో తనకున్న చుట్టరికం దానికే గుర్తుండదు. బ్రౌజర్‌లో నడిచే జూపిటర్ నోట్‌బుక్‌లో ఈ అవస్థ లేదు, అక్కడ ముచ్చటైన అక్షరాల్లో కుడివైపు ఎంత దూరమైనా జరుపుకుంటూ పోవచ్చు.

ఇంతా చేసి అది సౌష్ఠవ మ్యాట్రిక్స్, అంటే వికర్ణానికి అటూ ఇటూ అద్దంలో బొమ్మలా ఒకటే. వేరువేరుగా చూడాల్సినవి 21 గడులే. మిగతా 15 నకళ్ళని ఆ తెర చూసి ఎవరైనా చెప్పగలరా?

లైబ్రరీకి లెక్కపెట్టడం రాదనుకునేరు. గణిత సూత్రాలను అచ్చుకు అమర్చే లేటెక్స్ భాషలో రాసేటప్పుడు నిలువు వరుసలు 10 దాటాయంటే బుద్ధిగా 'మ్యాట్రిక్స్' అనే అమరిక వదిలి 'అర్రే' అనే అమరికకి మారుతుంది. లేటెక్స్ 'మ్యాట్రిక్స్'లో మామూలుగా అంతకు మించి పట్టదు మరి. లేటెక్స్ ఇబ్బంది మీదున్న దయ మనిషి కళ్ళ మీద ఉండదు.

అడిగితే ప్రోగ్రామింగ్ పెద్దల జవాబు సిద్ధం: "అంత మ్యాట్రిక్స్ ఎవడు ప్రింట్ చేయమన్నాడు?" ఎవరా? ఎక్కడో ఒక మైనస్ గుర్తు తప్పిందని అర్ధరాత్రి వెతుక్కుంటున్న ఫైనలియర్ పిల్లలు. తప్పు దొరకాలంటే చూడాలి కదండీ! ఆ తెర చూసి, లోపం తమ బుర్రలోనే ఉందని వాళ్ళు నమ్మేస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. పదేపదే వచ్చే ముక్కల్ని బయటికి తీసి పేర్లు పెట్టే సీఎస్ఈ అనే ఫంక్షన్ ఇదే లైబ్రరీలో ఉంది. సున్నా కాని చోటల్లా ఎక్స్ గుర్తు వేసే ప్రింట్_నాన్‌జీరో కూడా ఉంది. అవి ఉన్నాయని ముందే తెలిసినవాడికే దొరుకుతాయి. మామూలుగా ప్రింట్ కొట్టినవాడు ఏం పాపం చేశాడు? కొలత చెప్పి, అంచులు చూపించి, 'ఇది సౌష్ఠవం' అని ఒక్క మాట అంటే ఎవరి సొమ్ము పోతుంది?

ఆ మ్యాట్రిక్స్‌కి ఇన్వర్స్ (విలోమం) కూడా ప్రింట్ చేసి చూద్దామని ఎవరికైనా సరదా పుడితే, అందులో నిర్ధారకంతో భాగించాలి; అన్ని గడులూ వేరువేరు అక్షరాలైన 6 బై 6 నిర్ధారకాన్ని విప్పితేనే 720 పదాలొస్తాయి. ముందు భోంచేసి కూర్చోండి.