జంతువుల బొమ్మలు సరే, టోటెమ్ పోల్ ఎందుకు?

మన పిల్లల సమ్మర్ క్యాంపుల్లో ఒక యాక్టివిటీ కనిపిస్తుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో జంతువు అనుకోవడం, నాన్న సింహం, అమ్మ తేనెటీగ, అమ్మమ్మ గుడ్లగూబ (అర్ధరాత్రి దాకా సీరియల్స్ చూస్తుందిగా), అట్టల మీద గీసి ఒకదానిపై ఒకటి అంటించి "మా ఫ్యామిలీ టోటెమ్ పోల్" అనడం. టోటెమ్ పోల్ అంటే ఉత్తర అమెరికా వాయవ్య తీరపు ఆదివాసులు తమ వంశాల గుర్తులు చెక్కి నిలబెట్టే చెక్క స్తంభం. పిల్లలు భలే గీస్తారు, ఆ సరదాకి నేను అడ్డు రాను. నా గొడవంతా ఆ పేరుతోనూ, నెట్‌లో దొరికిన వాళ్ల ఎరుపు నలుపు డిజైన్లను మక్కీకి మక్కీ దించేయడంతోనూ.

ఆ స్తంభాలు చెక్కే వాళ్లలో ఒకరైన అలాస్కాలోని ట్లింగిట్ ఆదివాసుల్లో ఎవరి జంతువు ఏదన్నది స్వభావాన్ని బట్టి ఎంచుకునేది కాదు, పుట్టుకతో అమ్మ వైపు నుంచి వచ్చేది. బొంతకాకి, గద్ద అని రెండు పెద్ద వర్గాలు, పద్ధతి ప్రకారం పెళ్లి అవతలి వర్గంతోనే, మనం సగోత్రం కుదరదంటామే అలా. అంటే అమ్మది కాకి వర్గమైతే పిల్లలంతా కాకులే, నాన్న ఒక్కడే గద్ద! ఒక్కో వంశానికి సొంత గుర్తులుంటాయి, వాటి మీద హక్కు కూడా ఆ వంశానిదే.

సియాటిల్ పయొనీర్ స్క్వేర్‌లో టోటెమ్ స్తంభం పక్కన ఫొటో దిగినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అక్కడి మొదటి స్తంభాన్ని 1899లో సియాటిల్ వ్యాపారులు ఓడలో వెళ్లి, ఒక ట్లింగిట్ ఊరి నుంచి, రెండు ముక్కలుగా కోసి మరీ ఎత్తుకొచ్చారు. 1938లో ఎవరో దానికి నిప్పు పెట్టాక, ఇప్పుడున్నదాన్ని ట్లింగిట్ శిల్పులే చెక్కారు. సియాటిల్ ప్రాంతపు ఆదివాసులైన కోస్ట్ సేలిష్ జనాలకైతే అసలు అలాంటి విడి స్తంభాలు నిలబెట్టే ఆచారమే లేదు.

జంతువులతో గీసిన గ్రూప్ ఫొటో లాంటిది చూపించాలంటే ఓజిబ్వేలు అనే మరో అమెరికా ఆదివాసుల అర్జీ చూపించండి. 1849లో సుపీరియర్ సరస్సు వైపు నుంచి వాళ్ల ప్రతినిధులు బొమ్మలతో గీసిన అర్జీ పట్టుకుని వాషింగ్టన్ వెళ్లారు, మా నేల మాకు ఉండనివ్వండని. ముందు కొంగ, వెనక ఎలుగుబంటి, చేపా మిగతావీ, ఒక్కో రకం జంతువు ఒక్కో వంశానికి గుర్తు. అన్నిటి కళ్లనీ గుండెల్నీ కొంగ కంటికీ గుండెకీ కలుపుతూ గీతలు, చూపూ మనసూ ఒకటే అన్నట్టు.

అది చూపించి, ఎవరిదో చెప్పి, తర్వాత పిల్లల్ని వాళ్లకి నచ్చినట్టు గీయనివ్వండి, కావాలంటే చేర్యాల రంగుల్లో. ఇంటిపేరు నక్కా, పిల్లి, ఏనుగు అని ఉన్నవాళ్లకి జంతువు ఎటూ వారసత్వంగానే వచ్చింది, ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు. అట్ట పైన "మా ఇంటి జంతువులు" అని రాయిస్తే చాలు, పిల్లలకి నవ్వొస్తుంది, నాన్నలకి రాకపోవచ్చు.